ఆవాస్ అంటే ఆవాసం కాదు

మలేషియా వెళ్లొచ్చారు కదా, ఆ జంట భవనాలు ఎలా ఉన్నాయని మా ఊళ్లో అందరూ అడుగుతున్నారు. నేను వాటిని సరిగా చూడలేదు. దిగిన రోజు కారు కిటికీలోంచి దూరంగా రెండు సూదుల్లా కనిపించాయి, అంతే. పది రోజుల్లో నేను బాగా చూసింది అప్పన్న గారి వీపు. దాన్ని పట్టుకుని వెళ్లిన దారి గురించే ఇది.

నేను తుని దగ్గర చిన్న పట్నంలో లెక్కల మాస్టారిని. మా సంఘంలో చాలా ఏళ్లుగా ఆదివారపు బడి నడుపుతున్నాను. క్లాంగ్‌లో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు పదిహేను మంది ఒక దుకాణం పై అంతస్తులో తెలుగులో ఆరాధన జరుపుకుంటారు. మూడు రోజుల వాక్య ధ్యానాలకు నన్ను పిలిచారు. అది అయ్యాక పినాంగు దీవిలోని జార్జ్ టౌన్‌లో ఉన్న ఇంకో తెలుగు కుటుంబానికి పాటల పుస్తకాల కట్ట అందించాలి. తీరా చూస్తే బడి సెలవులు, బస్సుల్లో చోటు లేదు.

నేను బస చేసిన ఇంటి యజమాని అప్పన్న గారు. అరవై దాటాయి. లారీల మెకానిక్‌గా పని చేసి మానుకున్నారు. ఈయన తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చారట. ఈయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా, నోరు విప్పితే మా అమ్మమ్మ మాట వినిపిస్తుంది. చివర మాత్రం అక్కడివాళ్ల అలవాటుగా ఒక 'లా' తగిలిస్తారు.

"నాను గురువారం పోతన్నాను లా, మేస్టారు" అన్నారు టీ తాగుతూ. "తెలుక్ ఇంటాన్ దగ్గర మా సెల్లెలు ఉంది. ఆడ ఒక పని సూసుకుని పినాంగు పోతాను. ఎనక సీటు కాళీయే. రండి."

"ఏం పని?"

"మా సంఘం పని."

సంఘం అనగానే నేను నిటారుగా కూర్చున్నాను. ఆయన నుదుట విభూతి ఉంది. ఆ సంఘం మోటారు సైకిళ్లు నడిపేవాళ్లదని తర్వాత తెలిసింది.

సంగతి ఇదీ. ఆయన చెల్లెలు పైడమ్మ ఉండే ఆయిల్ పామ్ తోటకీ పట్నానికీ మధ్య పాత ఇరుకు వంతెన ఉంది. ఆమె భర్త సూరయ్యకు మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి మూడుసార్లు ఆయన్ని బండి వెనక కూర్చోబెట్టుకుని, ఆ వంతెన దాటించి, పట్నంలో డయాలిసిస్‌కి తీసుకెళ్తుంది. ఈమధ్య వంతెన మీద రెండు బండ్లు పడ్డాయి. దాంతో మోటారు సైకిళ్లను ఆపేసి కార్లు, లారీలు మాత్రమే వదలాలని రోడ్ల కార్యాలయం వారి ఆలోచన. చుట్టుదారిన వెళ్తే గంటన్నర. అంతసేపు వెనక కూర్చునే ఓపిక సూరయ్యకు లేదు, వాళ్లకు కారు లేదు. శుక్రవారం పొద్దున అధికారులు వచ్చి చూస్తారు. బండివాళ్లంతా వచ్చి మాట చెప్పుకోవచ్చన్నారు.

నాకు ఆ కష్టం అర్థమైంది. కానీ ఆయన రమ్మంటున్నది మోటారు సైకిలు మీద. పన్నెండేళ్ల కిందట నక్కపల్లి దాటాక హైవే మీద నా మోటారు సైకిలు పడింది. వెనక నా భార్య సుగుణ ఉంది. ఆమె కుడికాలు అప్పటినుంచి నేలకు సరిగా ఆనదు. ఆ తర్వాత నేను హ్యాండిల్ ముట్టుకోలేదు. ఎలా పడ్డారని అడిగినవాళ్లకు, వెనక ఆమె భయపడి కదిలింది, బండి అదుపు తప్పింది అని చెబుతూ వచ్చాను. సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పినప్పుడూ అదే చెప్పాను. సుగుణ ఎప్పుడూ కాదనలేదు.

ఆ సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆమె మామూలుగానే అంది: "సరే. వెనక కదలకుండా కూర్చోండి."

తిరగేసిన కోటు

గురువారం పొద్దున అప్పన్న గారు కోటును ముందువైపు వెనక్కి పెట్టి తొడుక్కున్నారు. గుండీలు వీపు మీద ఉన్నాయి. పెద్దాయన తొందరలో పొరబడ్డారేమోనని మెల్లగా చెప్పాను.

ఆయన నవ్వారు. "ఇక్కడ అందరూ అంతే లా. గాలి రొమ్ముకి తగలదు, పురుగులు మెడలోకి రావు. బండి దిగితే తీసెయ్యడం సులువు. మీరూ ఏసుకోండి."

నాకూ ఒకటి తొడిగి వెనక గుండీలు పెట్టారు. పసిపిల్లాడికి చొక్కా వేసినట్టుంది. బండి పేరు కప్‌చాయ్. మన పాత లూనా కంటే పెద్దది, పల్సర్ కంటే చిన్నది, ముందు బుట్ట ఉంటుంది. పుస్తకాల కట్టను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ బుట్టలో పెట్టాం. హ్యాండిల్‌కి నిమ్మకాయ కట్టి ఉంది. ఆయన దానికి దణ్ణం పెట్టుకున్నారు, నేను కళ్లు మూసుకుని నా ప్రార్థన చేసుకున్నాను. ఎవరి పని వారిది అయ్యాక బయల్దేరాం.

మొదటి అరగంట గురించి రాయడానికి ఏమీ లేదు. నేను కళ్లు తెరవలేదు. సీటు వెనక ఇనుప పట్టీని పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కాయి. లారీ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా గాలి మమ్మల్ని ఒకసారి తోసి, మళ్లీ లాగేది. ముందున్నవాడికి రోడ్డు కనిపిస్తుంది, చేతిలో బ్రేకు ఉంటుంది. వెనకున్నవాడికి ఒక వీపు ఉంటుంది, అంతే. సుగుణ ఆరేళ్లు నా వెనక ఇలాగే కూర్చుందన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. తట్టగానే దాన్ని పక్కకు నెట్టేశాను.

కాపార్ దాటాక కళ్లు తెరిచాను. అక్కడినుంచి కొంత హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి. కారులో వెళ్తే ఊరు అద్దంలో బొమ్మ. బండి మీద ఊరు ముక్కుకు తగులుతుంది. ఎండు చేపల వాసన, తర్వాత వేపుడు, తర్వాత తడిసిన తోట. ఎదురొచ్చే బండివాళ్లు అప్పన్న గారికి తల ఊపుతారు. ఆయన ఎవరో వాళ్లకు తెలియదు. బండి మీద ఉన్నాడు, అది చాలు.

బోర్డులు చదవసాగాను. మలయ్ భాషను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. ఒక బడి దగ్గర 'ఆస్రమ' అని ఉంది. ఏమిటని అరిచి అడిగితే, పిల్లలుండే హాస్టలు అన్నారు. భాషను 'బహాస' అంటారు, స్వర్గాన్ని 'షుర్గా' అంటారు. మన మాటలు మనకంటే ముందే ఓడెక్కి ఇక్కడికి వచ్చేశాయని సంతోషపడ్డాను. అంతలో పసుపు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో 'ఆవాస్' అని కనిపించింది. దాని అర్థం ఎవర్నీ అడగక్కర్లేదనుకున్నాను. ఆవాసం. నివాసం. మన దగ్గర ప్రభుత్వం ఇళ్ల పథకాలకు కూడా అదే పేరు. కిలోమీటరుకొకటి వస్తోంది ఆ మాట. దేవుడే తన ప్రజలకు నివాసస్థలమని చిన్నప్పటినుంచి పిల్లలకు చెబుతున్నవాణ్ణి. భయంతో చచ్చిపోతున్న నాకు పరాయి దేశపు రోడ్డు పక్కన ఆ మాట రాసిపెట్టి ఉండడం ఎంత ఆదరణగా అనిపించిందో చెప్పలేను. ఆ బోర్డు కనిపించినప్పుడల్లా పట్టీ వదిలేసి, కళ్లు మూసుకుని, ఒక కీర్తన అందుకునేవాణ్ణి.

ఫ్లైఓవర్ కింద

కువాలా సెలాంగోర్ రాకముందే వాన పట్టుకుంది. అక్కడి వాన చెప్పి రాదు. ఒక ఫ్లైఓవర్ కింద అప్పటికే పది బండ్లు ఆగి ఉన్నాయి. మాకు చోటిస్తూ అందరూ అడుగు వెనక్కి జరిగారు. మన దగ్గర ఇలాంటి చోట ముందు కులమో ఊరో అడుగుతారు. ఇక్కడ ఒక చీనా పెద్దాయన నా పాదాల వైపు చూసి, బూట్లకు కట్టుకోమని రెండు ప్లాస్టిక్ సంచులిచ్చాడు. ఆస్పత్రిలో పని చేసే మలయ్ అమ్మాయి అరటాకు పొట్లం విప్పి, కొబ్బరిపాలతో వండిన అన్నం, కారంగా ఉన్న ఎండు నెత్తళ్లు పంచింది. ఆ అన్నం బయట కొంటే రెండున్నర రింగిట్లు. మన యాభై రూపాయలు.

నా వణుకు చూసి ఆమె అప్పన్న గారిని ఏదో అడిగింది.

"ఈయనకి చలా అంటంది" అన్నారాయన.

"చలి కాదు, భయం" అన్నాను.

ఆయన ఆమెకు చెప్పారు. ఆమె నవ్వలేదు. తనకీ భయమేననీ, ఇదే రోడ్డు మీద తన స్నేహితురాలు పోయిందనీ, రోజూ వెళ్లక తప్పదనీ అంది. వాన తగ్గగానే హెల్మెట్ పెట్టుకుని అందరికంటే ముందు వెళ్లిపోయింది. ఎర్రదీపం కనుమరుగయ్యేదాకా చూశాను. నా ప్రార్థనల్లో పేరు తెలియని మనుషులు చాలామందే ఉన్నారు. ఆ రోజు ఇంకొకరు చేరారు.

పైడమ్మ ఇల్లు

తోటలో రేకుల ఇల్లు. గుమ్మం పక్కన సూరయ్య ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. చేతిమీద నరం తాడులా ఉబ్బి ఉంది. పైడమ్మకు యాభై పైనే. పొట్టి మనిషి, గట్టి చేతులు.

అన్నం పెడుతూ అన్నగారిని దబాయించింది. "ఇంత ఆలీసమేటి? ముసలోడివైపోనావు. బండి నాకిచ్చీసి బస్సెక్కు."

"నాకు దారంతా బయమే లా" అన్నారు అప్పన్న గారు. "ఈ మేస్టారికి మాత్రం బయం లేదు. మామూలు రోడ్డులో ఇనుప కమ్మీ ఇరిగేలా పట్టుకుంటారు. ఆవాస్ బోర్డు కాడికొచ్చేసరికి సేతులొదిలేసి పాట పాడతారు. నాను అద్దంలో సూసి బిగిసిపోయినాను."

నేను ఆనందంగా కారణం చెప్పాను. ఆవాసమంటే ఇల్లు కదా, దేవుని ఇల్లు గుర్తొచ్చిందన్నాను.

పైడమ్మ గరిటె కింద పెట్టి, కొంగుతో నోరు మూసుకుంది. సూరయ్య కూడా నవ్వాడు. ఆయన నవ్వడం చూసి ఆమె ఇంకా నవ్వింది.

"అయ్యో, అన్నయ్యా. ఆవాస్ అంటే ఇల్లు కాదు. జాగర్త, పేణం పోతాది అని. మలుపులుంటే ఏస్తారు. గోతులుంటే ఏస్తారు."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. దారిలో ఎన్ని బోర్డులు వచ్చాయో లెక్కపెట్టడానికి ప్రయత్నించి మానుకున్నాను. అన్నిచోట్లా చేతులు వదిలేశాను. కాపాడినవానికి వందనాలు చెల్లించాను గానీ, ఆ రాత్రి మళ్లీ భయం తిరిగొచ్చింది. ఇప్పుడు దానికి పసుపు రంగు కూడా ఉంది.

వంతెన మీద

శుక్రవారం పొద్దున సూరయ్యకు వాంతులయ్యాయి, రాలేకపోయాడు. మేం వంతెన దగ్గరికి వెళ్లేసరికి ముప్పై బండ్ల దాకా ఉన్నాయి. పగటిపూటైనా అన్నిటికీ లైట్లు వెలుగుతున్నాయి, అక్కడ అది నియమం. తోట పనికి వెళ్లే ఆడవాళ్లు, చేపల పెట్టె కట్టుకున్న చీనావాడు, బడిలో వంట చేసే మలయ్ అవ్వ. వంతెన మొదట్లో పసుపు బోర్డు, దాని మీద అదే మాట.

రోడ్ల కార్యాలయం నుంచి వచ్చినావిడ మర్యాదస్తురాలు. తలకు లేత నీలం గుడ్డ, చేతిలో పుస్తకం. పైడమ్మ ఆమెతో మలయ్‌లో మాట్లాడుతుంటే, అప్పన్న గారు నా చెవిలో చెప్పుకొచ్చారు.

"'రెండు బండ్లు పడినాయని బండ్లనే ఆపీస్తారేటి? తోసింది లారీ గాలి. లారీని మెల్లగ పొమ్మని ఒక్క బోర్డు లేదు. చిన్నబండోళ్లం కాబట్టి మమ్మల్ని తీసీడం సులువు. ఈ రోడ్డు మాది కూడా కదా' అంటంది."

అధికారిణి ఓపికగా విని జవాబు చెప్పింది. అప్పన్న గారి గొంతు తగ్గింది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"'ఒంటరిగా పోయేవోళ్ల గురించి నాకు బెంగ లేదు. మీ ఎనక జబ్బు మనిషి కూకుంటాడు. లారీ ఎదురొస్తే బయపడి కదులుతాడు. ఎనకోళ్లు కదిలితే బండి పడిపోతాది. అదే నా బయం' అంటంది."

పన్నెండేళ్లుగా నేను చెబుతున్న మాట అది. అక్షరం తేడా లేదు. నా నోటినుంచి పుట్టి, సముద్రం దాటి, నాకంటే ముందే వచ్చి ఆ వంతెనకు అడ్డంగా కూర్చున్నట్టు అనిపించింది.

పైడమ్మ చుట్టూ చూసింది. "మా ఆయన లేడు. ఎనక ఎవరన్నా ఎక్కండి, దాటించి సూపిస్తాను. బయపడేవోళ్లే కావాలి." అప్పన్న గారు నన్ను చూపించారు, అందరి కళ్లూ నా మీదికి వచ్చాయి.

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అప్పటికే బండి తిప్పి నా ముందు ఆపింది. "కూకోండన్నయ్యా. బోర్డు కాడ పాట మాత్రం ఒద్దు."

ఎక్కాను. వంతెన మీదికి రాగానే రెండువైపులా నడుమెత్తు కమ్మీ, దాని కింద గోధుమరంగు నీళ్లు. సగం దూరంలో ఉండగా అవతలి గట్టు మీద లారీ కనిపించింది. పామ్ గెలల లారీ. ఎవరూ పిలిచి తెప్పించింది కాదు. అది ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. వంతెన పలకలు మోగడం మొదలైంది. వాక్యం గుర్తు తెచ్చుకోబోతే ఒక్కటీ రాలేదు. పిల్లలతో కంఠస్థం చేయించినవాణ్ణి, నాకు ఒక్క మాటా రాలేదు. హారన్ మోగింది. నేను కదిలాను. కొంచెం కాదు. రెండు చేతులతో పైడమ్మ నడుము పట్టుకుని, ఒళ్లంతా ఎడమవైపు కమ్మీ మీదికి విసిరేశాను.

బండి ఒకసారి ఊగింది. ఆమె వేగం తగ్గించి, మోకాళ్లు బిగించి, చూపు తిప్పకుండా తిన్నగా పోనిచ్చింది. లారీ గాలి మమ్మల్ని తోసి వెళ్లిపోయింది. అవతలి గట్టు మీద ఆగాక నేను కిందికి దిగలేక అలాగే కూర్చున్నాను.

"నడుం ఒదలండి" అంది. వదిలాను. "బాగా కదిలినారు. మా ఆయన కూడా కదుల్తాడు, ఒంట్లో బాగోనోడు ఏటి సేస్తాడు? ఎనకోళ్లు కదుల్తారని తెలిసే నడపాల. పడ్డం పడకపోడం నడిపేవోళ్ల సేతిలో ఉంటాది."

ఆమె మామూలుగా చెప్పిన మాటే. నాకు మాత్రం నక్కపల్లి రోడ్డు కళ్లముందుకు వచ్చింది. ఆదివారం. ఆరాధనకు ఆలస్యమైంది. ముందు గడ్డి ట్రాక్టరు. సుగుణ "ఆగండి" అంది. నేను ఆగలేదు. ఆమె కదిలిందో లేదో నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

అప్పన్న గారితో కలిసి అధికారిణి వంతెన దాటి మా దగ్గరికి వచ్చి, నన్ను ఏదో అడిగింది. అందులో ఒక మాట నాకు స్పష్టంగా వినిపించింది. 'సాక్సి.'

ఈసారి తొందరపడలేదు. అప్పన్న గారి వైపు చూశాను. "సాక్సి అంటే?"

"సాక్షి. ఇది మాత్రం మన మాటే లా. 'ఎనక కూకున్నది మీరే కదా, సాక్షిగా సెప్పండి, కదిలినారా?' అంటంది."

కదలలేదంటే నా పరువు నిలుస్తుంది. దూరం నుంచి ఎవరికీ సరిగా కనిపించి ఉండదు. "కదిలాను" అన్నాను. "చాలా కదిలాను. ఆమె పడనివ్వలేదు. వెనకవాళ్లు కదిలితే బండి పడుతుందన్నది నిజం కాదు. నేనూ అదే చెప్పుకుంటూ వచ్చాను. మా ఇంట్లో బండి పడినప్పుడు నడిపింది నేను. తొందరపడింది నేను."

అప్పన్న గారు ఒక్క క్షణం నా ముఖం చూసి, ఆ తర్వాత ఆమెకు చెప్పారు. ఎంత చెప్పారో నాకు తెలియదు. ఆమె మాత్రం చాలాసేపు రాసుకుంది.

జార్జ్ టౌన్ ఓడ

జార్జ్ టౌన్‌కి బండినీ మనిషినీ కలిపి ఓడ ఎక్కిస్తారు. బండ్లన్నీ పక్కపక్కన నిలబెట్టుకుని ఎవరి బండి వాళ్లు పట్టుకున్నారు. పుస్తకాల కట్ట క్షేమంగా చేరింది. పై పుస్తకం అట్ట మాత్రం వానకు ఉబ్బింది. ఆ ఇంటివాళ్లు దాన్నే తమ కోసం ఉంచుకుంటామన్నారు. వాళ్ల అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట రాదు. పాట మాత్రం తప్పు లేకుండా పాడింది.

అప్పన్న గారు అదే ఊళ్లో ఉన్న తన కూతురింటికి వెళ్తూ కోటు విప్పి భుజాన వేసుకున్నారు. "మేస్టారు, ఇంటికాడ సెప్పండి" అన్నారు. ఏం చెప్పాలో ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

ఇంటి దగ్గర

వచ్చిన రోజే సుగుణకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేయి ఆపలేదు. "ఆ రోజు నేను కదల్లేదు" అంది. "మీ చొక్కా పట్టుకుని కూర్చున్నాను. అంతే."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నావు?"

"సాక్ష్యం మీది. మీరే చెబుతారని చూశాను."

ఆ ఆదివారం సంఘంలో మలేషియా విశేషాలు చెప్పమని నన్ను నిలబెట్టారు. ముందుగా నక్కపల్లి గురించి చెప్పాను. ఆ వంతెన మీద కూడా అంత భయపడలేదు. ఒక ముసలావిడ లేచి వెళ్లి సుగుణ పక్కన కూర్చుంది.

మూడు వారాలకు అప్పన్న గారు ఫొటో పంపారు. వంతెన మీద బండ్లను ఆపలేదు. అంచున బండ్లకు తెల్లగీత గీశారు. ఆరు నెలలు చూస్తారట, ఆ తర్వాత ఏమంటారో తెలియదు. అవతలి గట్టు మీద కొత్తగా ఒక పసుపు బోర్డు నిలబెట్టారు. దాని మీద మోటారు సైకిలు బొమ్మ, కింద 'ఆవాస్' అని ఉంది. లారీలు వచ్చే వైపుకి తిరిగి ఉంది.

నిన్న పొద్దున షెడ్డులోంచి పాత బండి తీశాను. మెకానిక్ దాన్ని బాగుచేసి ఇచ్చి రెండు రోజులైంది. రెండుసార్లు స్టార్ట్ చేసి ఆపేశాను. సుగుణ కర్ర గోడకు ఆనించి వచ్చి, మెల్లగా వెనక ఎక్కింది. భుజం మీద చేయి వేసింది.

"భయంగా ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"నేను కదలనులెండి. పదండి."